కృష్ణుడు కుచేలుడికి హోమ్ టూర్ చూపించలేదు



ఈ వారం వీడియోలో కుచేలోపాఖ్యానం గురించి మాట్లాడుకున్నాం. ఆ కథ నాకు ఈమధ్య ఎందుకింత దగ్గరయిందో మాత్రం కెమెరా ముందు చెప్పలేకపోయాను. రెండుసార్లు రికార్డ్ చేసి, రెండుసార్లూ డిలీట్ చేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇది మా ఇంటి విషయం. మా అన్నకు ముందు చదివి వినిపించి, ఆయన సరే అన్న తర్వాతే పోస్ట్ చేస్తున్నాను.

మాది డోన్. పాతవాళ్ళు ఇప్పటికీ ద్రోణాచలం అంటారు. మొన్నటిదాకా కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. రైళ్ళలో తిరిగేవాళ్ళకు జంక్షన్‌గా తెలిసి ఉంటుంది. మా నాన్న ఆ జంక్షన్‌లోనే రైల్వే ఉద్యోగి. లోన్ పెట్టి, పీఎఫ్ తీసి, బేతంచెర్ల నాపబండలు పరిపించి మూడు గదుల ఇల్లు కట్టించాడు. మా వైపు ఎండలు ఎట్లుంటాయో తెలిసినవాళ్ళకు తెలుసు. మధ్యాహ్నం చాప కూడా లేకుండా ఆ బండల మీద పడుకునేవాళ్ళం. "పైన ఒక గది వేస్తే పెద్దోడికి, పక్కన ఒక గది వేస్తే చిన్నోడికి" అని నాన్న ఎప్పుడూ ప్లాన్ చెప్తుండేవాడు. ఆ గదులు వేయకుండానే నాలుగేళ్ళ కింద వెళ్ళిపోయాడు.

పోయిన ఏడాది అన్న అమెరికాలో ఇల్లు కొనాలనుకున్నాడు. టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో అనే ఊళ్ళో. డౌన్ పేమెంట్‌కు డబ్బు తక్కువపడింది. డోన్ ఇల్లు అమ్ముదామన్నాడు. అమ్మ ఒక్క పూట ఆలోచించి సరే అంది. నాతోబాటు హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటోంది కాబట్టి ఆ ఇంట్లో ఎవరూ లేరు కూడా. రిజిస్ట్రేషన్ రోజు నేనూ సంతకం పెట్టాను. బయటికి ఒక్క మాట అనలేదు. లోపల మాత్రం ఒక లెక్క రాసుకున్నాను. నాన్న ఇల్లు పోయింది, అన్న ఇల్లు వచ్చింది. ఆ లెక్క నా దగ్గర ఎనిమిది నెలలుంది.

గృహప్రవేశానికి అమ్మను తీసుకుని నేను వెళ్ళాలి. బయల్దేరేముందు అమ్మ యాగంటి పోదామంది. మా వైపు ఇంట్లో ఏ పెద్ద పని జరిగినా ముందు యాగంటి ఉమామహేశ్వరుడికి చెప్పుకోవాలి. అక్కడి స్థలపురాణం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. అగస్త్య మహర్షి ఆ కొండల్లో వేంకటేశ్వరస్వామికి గుడి కట్టించాలనుకున్నాడట. విగ్రహం సిద్ధమయ్యాక కాలి వేలి గోరు దగ్గర లోపం కనిపించింది. లోపమున్న విగ్రహాన్ని ప్రతిష్ఠించకూడదు. బాధపడి తపస్సు చేస్తే శివుడు ప్రత్యక్షమయ్యాడు, ఇది నాకు తగిన చోటు అన్నాడు. అట్లా అక్కడ ఒకే రాతిలో ఉమామహేశ్వరులు వెలిశారని చెప్తారు. కొండ గుహలో ఆ మొదటి వేంకటేశ్వరుడిని ఇప్పటికీ చూడవచ్చు.

చిన్నప్పటి నుంచి ఆ కథ వింటున్నాను. ఈసారి మాత్రం ఇంకోలా వినిపించింది. అంత మహర్షి కూడా ఒకరి కోసం ఇల్లు కట్టాలనుకుంటే అందులోకి ఇంకొకరు వచ్చారు. ఆయన మాత్రం వచ్చినవాడికి నమస్కారం పెట్టాడు. మా నాన్న మాకోసం కట్టిన ఇంట్లోకి ఇప్పుడు వేరే కుటుంబం వచ్చింది. వాళ్ళకు నమస్కారం పెట్టే మనసు ఆ రోజు నాకు రాలేదు.

హైదరాబాద్ నుంచి దోహా, దోహా నుంచి డాలస్. అమ్మకు మొదటి విమానం అదే. విమానాశ్రయం నుంచి ఇంటికి వెళ్ళేదాకా అన్న మాట్లాడుతూనే ఉన్నాడు. అదిగో అది స్కూల్, అదిగో అది ఇండియన్ స్టోర్, ఇది మా కమ్యూనిటీ గేట్. అన్నీ ఒకేలా ఉన్న ఇళ్ళు, ముందర ఒకే కొలతకు కత్తిరించిన గడ్డి. అమ్మ కిటికీలోంచి చూస్తూ, "మనుషులు యాడ్రా?" అంది.

ఇంటి లోపలికి కాలు పెట్టగానే టూర్ మొదలైంది. ఇది ఓపెన్ కిచెన్, ఇది ఐలాండ్, ఇది ప్యాంట్రీ, పైన మీడియా రూమ్, ఇది గెస్ట్ రూమ్, ఇది కూడా గెస్ట్ రూమ్. వదిన ముందు, అన్న వెనక, మధ్యలో నేను ఫోన్‌తో వీడియో తీస్తూ. మనలో ఎంతమంది హోమ్ టూర్ వీడియోలు చూస్తూ అన్నం తింటాం! నేనూ అదే చేస్తాను. కానీ ఆ రోజు అమ్మ మొహం చూశాను. ఇరవై రెండు గంటలు ప్రయాణం చేసి, కాళ్ళు వాచిపోయి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కుతోంది. ప్రతి గది దగ్గరా "బాగుందప్పా, బాగుంది" అంటోంది. ఒకచోట గోడ మీద వేళ్ళతో తట్టి చూసి నా వైపు తిరిగింది. "లోపల డొల్లగా మోగుతాందేమిరా?" ఇక్కడ ఇళ్ళు చెక్క చట్రం మీద కడతారమ్మా, గోడలకు బోర్డులు బిగిస్తారు అని చెప్పాను. అమ్మ ఇంకేమీ అనలేదు. రాయి ఇల్లు అమ్మి కట్టె ఇల్లు కొన్నారు అనుకుందేమోనని నాకు నేనే అనుకున్నాను. నా లెక్కలో ఇంకో లైన్ చేరింది.

టూర్ అయ్యాక అమ్మ సోఫా అంచున కూర్చుంది. బంధువుల పెళ్ళిలో తెలియని వాళ్ళ పక్కన కూర్చున్నట్టు. తన కొడుకు ఇల్లు అది.

తన సూట్‌కేస్‌లో ఒక స్టీలు డబ్బా ఉంది. బుడ్డలు వేయించి, బెల్లం పాకం పట్టి చేసిన ఉండలు. బుడ్డలంటే వేరుశనగలే, మా కర్నూలు వైపు అట్లంటాం. అన్నకు చిన్నప్పుడు అవంటే ప్రాణం. ఆ డబ్బా బయటికి తీసింది. ఐలాండ్ మీద గాజు గిన్నెల్లో పెట్టిన చాక్లెట్లు, బాదాములు, పేరు తెలియని కుకీలు చూసింది. మెల్లగా డబ్బాను మళ్ళీ చీరల కిందికి తోసేసింది. ఇది నేనొక్కణ్ణే చూశాను.

ఇక్కడ కాసేపు ఆగి కుచేలుడి దగ్గరికి వెళ్దాం.

భాగవతం దశమ స్కంధంలో ఉంది ఈ కథ. పోతన గారి తెలుగులో మన ఇళ్ళల్లో అమ్మమ్మలు, జేజిలు చెప్పుకున్న కథ. ఇంట్లో తినడానికి లేదు. భార్య చెప్పింది, మీ చిన్ననాటి స్నేహితుడు ద్వారకలో ఉన్నాడు, ఒకసారి వెళ్ళి చూసి రండి అని. కుచేలుడికి అడగడం ఇష్టం లేదు. కానీ ఈ వంకన కృష్ణుణ్ణి చూడవచ్చు కదా అనుకున్నాడు. పెద్దవాళ్ళ ఇంటికి ఒట్టి చేతులతో పోకూడదు. ఆవిడ కొన్ని అటుకులు సంపాదించి, చిరిగిన బట్టలో మూటకట్టి ఇచ్చింది.

ద్వారక అంటే సామాన్యమైన ఊరు కాదు. సముద్రం మధ్య కట్టిన నగరం. వరసగా మేడలు. కుచేలుడు అవన్నీ దాటుకుంటూ లోపలికి వెళ్ళాడు. మీరు ఒక్కసారి ఆయన స్థానంలో నిలబడి చూడండి. చినిగిన పంచె, చంకలో మూట, ముందర రాజభవనం. తను వచ్చింది సరైన చోటికేనా అనిపించదా?

కృష్ణుడు దూరం నుంచే చూశాడు. ఇప్పుడు ఆయన ఏం చేశాడో వరసగా గమనించండి. ఈ వరస చాలా ముఖ్యం.

ముందు లేచాడు. రుక్మిణీదేవి పక్కన పాన్పు మీద ఉన్నవాడు దిగి, ఎదురెళ్ళి కౌగిలించుకున్నాడు. ఆ తర్వాత తను కూర్చునే పాన్పు మీదే కూర్చోబెట్టాడు. కాళ్ళు కడిగాడు, ఆ నీళ్ళు తల మీద చల్లుకున్నాడు. చందనం పూశాడు. సాక్షాత్తూ లక్ష్మీదేవి అయిన రుక్మిణి వింజామరతో విసిరింది. అలసిపోయి వచ్చిన మనిషికి ముందు కావలసింది ఇదే కదా. ఎదురు రావడం, కూర్చోబెట్టడం, కాళ్ళకు నీళ్ళు, కాస్త గాలి.

రెండోది, మాట్లాడాడు. దేని గురించి? తన భవనం గురించి కాదు. ఇది విశ్వకర్మ కట్టాడు, ఇన్ని గదులున్నాయి, రా చూద్దువుగాని అనలేదు. సాందీపని గురువుగారి ఆశ్రమం గురించి మాట్లాడాడు. ఒక రోజు కట్టెలు తేవడానికి ఇద్దరం అడవికి వెళ్ళాం, గాలివాన వచ్చింది, దారి తప్పిపోయి రాత్రంతా ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని తిరిగాం, తెల్లారాక గురువుగారు వెతుక్కుంటూ వచ్చారు, గుర్తుందా అని అడిగాడు. అంత పెద్ద భవనంలో కూర్చుని, ఇద్దరూ తడిసిపోయిన ఆ రాత్రి గురించి మాట్లాడాడు. ఆ రాత్రి ఇద్దరికీ ఇల్లు లేదు. ఇద్దరూ సమానం. కుచేలుడికి ఆ భవనంలో భయం పోయింది ఆ మాటలతోనే అని నాకనిపిస్తుంది.

మూడోది, అడిగాడు. "నాకోసం ఏం తెచ్చావు?" అని. కుచేలుడు సిగ్గుతో తల దించుకున్నాడు. ఇంత వైభవంలో ఈ అటుకులు ఎట్లా ఇవ్వడం? కృష్ణుడు తనే మూట లాగి, విప్పి, ఒక గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. రెండో గుప్పెడు తీసుకోబోతే రుక్మిణి చెయ్యి పట్టుకుని ఆపింది.

మనం ఈ కథను ఎప్పుడూ గుప్పెడు అటుకులకు సంపదలిచ్చాడు అని ముగిస్తాం. ఇన్వెస్ట్‌మెంట్ కథలాగా. నిజానికి ఆ రోజు కుచేలుడికి దొరికిన పెద్ద వరం అడగడమే. ఏమీ లేనివాడి దగ్గర కూడా నాకు ఇవ్వడానికి ఏదో ఉంటుంది అని దేవుడు నమ్మాడు. తీసుకోవడం ద్వారా గౌరవించాడు. ఇవ్వడం అందరికీ వస్తుంది, డబ్బుంటే చాలు. తీసుకోవడం రావాలంటే ప్రేమ ఉండాలి.

మళ్ళీ ఫ్రిస్కోకి వద్దాం.

రాత్రి భోజనాలయ్యాయి. నేను గెస్ట్ రూమ్‌లో పడుకున్నాను, నిద్ర పట్టలేదు. నీళ్ళ కోసం కిందికి వస్తే వంటింట్లో లైటు వెలుగుతోంది. అమ్మ కుర్చీలో, అన్న కింద నేల మీద. అమ్మ కాళ్ళు ఒక బకెట్ వేడినీళ్ళలో ఉన్నాయి. అన్న వాటిని రుద్దుతున్నాడు. నేను మెట్ల మీదే ఆగిపోయాను.

"అమ్మా, నాకేం తెచ్చినావు?" అన్నాడు అన్న.

"ఏం తెస్తానప్పా, ఇక్కడ అన్నీ ఉండాయి కదా."

"ఉండలు తెచ్చింటావు. నాకు తెలుసు. యాడ దాచినావు?"

అమ్మ నవ్వింది. ఇంటికొచ్చాక మొదటిసారి. డబ్బా వచ్చింది. అన్న ఆ నేల మీదే కూర్చుని వరసగా మూడు తిన్నాడు. నాలుగోది తీసుకోబోతే, "పాపకు ఉంచురా" అని అమ్మ చెయ్యి పట్టుకుంది. ఒట్టేసి చెప్తున్నాను, ఇది నేను కథ కోసం అల్లింది కాదు.

నేనూ వెళ్ళి కూర్చున్నాను. అప్పుడు అన్న చెప్పాడు. వాళ్ళ టీమ్‌లో ఆ నెలలోనే కొంతమందిని తీసేశారు. తన పేరు ఈసారి లేదు, వచ్చేసారి తెలియదు. వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆలోపు ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేదా ఇంకో దారి వెతుక్కోవాలి, లేదా సామాన్లు సర్దుకోవాలి. లోన్ 30 ఏళ్ళు, గడువు 60 రోజులు. "ఇల్లు కొన్న రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదురా. నాన్న ఇల్లు అమ్మించి కొన్నాను. ఇది కూడా నిలబెట్టుకోలేకపోతే అమ్మ మొహం ఎట్ల చూసేది?" అన్నాడు.

అమ్మ అడిగింది. "ముప్పై ఏండ్లు కట్టల్లంటే, అందాకా ఈ ఇల్లు ఎవరిది?"

"చాలావరకు బ్యాంకుదే అనుకోమ్మా."

"మీ నాయన కూడా పదహైదేండ్లు లోను కట్టినాడు. కట్టడం అయిపోయినాక నాలుగేండ్లు ఉన్యాడు, పోయినాడు. ఎవరిది అంటే ఏం చెప్తాం నాయినా. ఉన్నన్ని దినాలు మనది."

నా ఎనిమిది నెలల లెక్క అక్కడే చెరిగిపోయింది. మెట్ల మీద ఎవరూ చూడకుండా చెరిగిపోయి ఉంటే బాగుండేది, కానీ అమ్మ ముందరే ఏడ్చేశాను. అన్నకు సారీ చెప్పాను. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. తర్వాత చెప్పాను.

అమ్మ అన్న మాటే శ్రీకృష్ణుడు ఉద్ధవుడికి చెప్పాడు. భాగవతం ఏకాదశ స్కంధంలో, అవతారం చాలించే ముందు, గృహస్థుల ధర్మాలు చెప్తూ అంటాడు: ఇల్లు వదిలేయక్కర్లేదు, ఇంట్లోనే అతిథిలాగా ఉండు. నాది, నేను కట్టాను అనే పట్టు లేకుండా ఉన్నవాణ్ణి ఇల్లు బంధించదు. భార్యాబిడ్డలు, చుట్టాలు, స్నేహితులు అందరూ కలిసి ఉండడం బాటసారులు ఒకచోట కలుసుకోవడం లాంటిదని కూడా అక్కడే చెప్తాడు. డోన్ జంక్షన్‌లో పెరిగినవాడికి దీన్ని వివరించక్కర్లేదు. అటు నుంచి వచ్చే బండి, ఇటు పోయే బండి, మధ్యలో ప్లాట్‌ఫామ్ మీద అరగంట. ఒకరి పిల్లాణ్ణి ఒకరు ఎత్తుకుంటారు, ఒకరి పులిహోర ఒకరు తింటారు. బండి రాగానే ఎవరి పెట్టె వాళ్ళది.

అదే స్కంధంలో అవధూత తన 24 మంది గురువుల గురించి చెప్తాడు. అందులో పాము కూడా ఒక గురువు. పాము తనకంటూ ఇల్లు కట్టుకోదు, వేరేవి చేసిన పుట్టలో ఉంటుంది, ఇల్లు కట్టుకోవడమే దుఃఖం అంటాడు అవధూత. అది సన్యాసి దారి. మనం ఈఎంఐలు కట్టేవాళ్ళం. మనకు చెప్పింది ఉద్ధవుడికి చెప్పిన మాట: ఇంట్లో ఉండు, అతిథిలా ఉండు.

దీన్ని తప్పుగా అర్థం చేసుకోవద్దు. అతిథిలా ఉండడం అంటే బాధ్యత లేకుండా ఉండడం కాదు. మంచి అతిథి ఎలా ఉంటాడో ఆలోచించండి. పెట్టింది తింటాడు, వంక పెట్టడు. తిన్న చోటు శుభ్రం చేస్తాడు. వస్తువులు జాగ్రత్తగా వాడతాడు, ఎందుకంటే అవి తనవి కావు. ఇంకో అతిథి వస్తే జరిగి చోటిస్తాడు. వెళ్ళేటప్పుడు దండం పెట్టి వెళ్తాడు, తలుపు పట్టుకుని వేలాడడు. సొంతదారుడిలా ఉన్నవాడికి ఇల్లు పోతుందేమోనన్న భయం ఉంటుంది. అతిథిలా ఉన్నవాడికి ఇల్లు దొరికిందన్న కృతజ్ఞత ఉంటుంది. కట్టేది అదే ఈఎంఐ. నిద్ర మాత్రం వేరు.

కుచేలుడు చేసి చూపించింది కూడా ఇదే. ఆయన ఏమీ అడగకుండానే వెనక్కి వచ్చాడు. దారిలో, డబ్బిస్తే నేను తనను మర్చిపోతానని కృష్ణుడు ఇవ్వలేదేమో, ఎంత దయ అనుకున్నాడు. తీరా వచ్చి చూస్తే గుడిసె లేదు, భవనం ఉంది. తన కొత్త ఇంటిని తనే మొదటిసారి, బయటివాడిలా నిలబడి చూశాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో భార్యతో కలిసి ఉన్నాడు, అనుభవించాడు, కానీ దానికి అంటుకోలేదు అని భాగవతం చెప్తుంది. గుడిసెలో ఎలా ఉన్నాడో భవనంలోనూ అలాగే ఉన్నాడు.

రెండు రోజుల తర్వాత గృహప్రవేశం. తెల్లవారుజామున ముహూర్తం. డోన్‌లో అయితే ఆవూదూడలను ముందు లోపలికి నడిపిస్తాం. ఇక్కడ వదిన చిన్న వెండి ఆవూదూడ బొమ్మను పళ్ళెంలో పెట్టి పట్టుకుంది. బూడిద గుమ్మడికాయ ఇండియన్ స్టోర్‌లో దొరికింది. కమ్యూనిటీ వాళ్ళు ఏమంటారోనని గరాజ్‌లో, కింద ప్లాస్టిక్ షీట్ పరిచి కొట్టారు. హోమం పొగకు స్మోక్ అలారం రెండుసార్లు అరిచింది. పాప చెవులు మూసుకుని ఒకటే నవ్వు. పంతులు గారికి అలవాటే అనుకుంటా, మంత్రం ఆపలేదు.

వాస్తు పూజ దగ్గర ఆయన మత్స్య పురాణంలోని కథ క్లుప్తంగా చెప్పారు. అంధకాసురుడితో యుద్ధంలో శివుడి చెమట చుక్క నేల మీద పడి ఒక భూతం పుట్టింది. తీరని ఆకలి దానిది. లోకాలనే మింగబోతే దేవతలందరూ కలిసి దాన్ని నేలకు అదిమి, తలా ఒక అంగం మీద కూర్చున్నారు. నాకు తిండి ఎట్లా అని అది అడిగితే, ఇల్లు కట్టుకున్నవాళ్ళు పూజ చేసి నైవేద్యం పెడతారని వరమిచ్చారు. ఆయనే వాస్తు పురుషుడు. నేను అక్కడే కూర్చుని ఆలోచించాను. ప్రతి ఇంటి కింద ఒక ఆకలి ఉంటుంది. ఇంకా పెద్దది కావాలి, ఇంకో గది కావాలి, పక్కవాళ్ళ కంటే బాగుండాలి. దాన్ని చంపలేదు చూడండి. హద్దులో పెట్టి, దేవతలను కూర్చోబెట్టి, పెట్టాల్సింది పెట్టారు. గృహప్రవేశం రోజు మనం చేసే పూజ ఆ ఆకలికి హద్దు గీయడమే అనిపించింది నాకు.

చివర్లో పాలు పొంగించాలి. వదిన అమ్మను పిలిచింది. "అత్తమ్మా, మీరు రండి." అమ్మ వెనక్కి తగ్గింది, ఇల్లాలివి నువ్వు పొంగించమ్మా అంది. వదిన వినలేదు. ఇద్దరూ కలిసి గిన్నె పట్టుకున్నారు. పొయ్యికి ఎదురుగా దేవుడి గూట్లో అమ్మ తెచ్చిన ఇత్తడి దీపపు కుందె వెలుగుతోంది. డోన్ ఇంట్లో 20 ఏళ్ళకు పైగా వెలిగిన కుందె అది. పాలు పొంగాయి. పాప వచ్చి, "జేజీ, ఇప్పుడు ఈ ఇల్లు నీది కూడానా?" అని అడిగింది. "నాది, నీది, వచ్చే పోయే వాళ్ళందరిదీ" అంది అమ్మ. ఆ తర్వాత సోఫాలో వెనక్కి ఆనుకుని కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం ఫ్రిస్కోలోనే ఉన్న కార్యసిద్ధి హనుమాన్ ఆలయానికి వెళ్ళాం. అక్కడ తెలుగువాళ్ళను, పట్టుపంచెలను చూసి అమ్మ, "సామి కూడా ఇంత దూరం వచ్చినాడే" అంది. అవును, వచ్చాడు. న్యూయార్క్ ఫ్లషింగ్‌లో మనవాళ్ళు ఒక పాత చర్చి ఉన్న స్థలం కొని గణపతికి గుడి కట్టారు, 1977 జూలై 4న కుంభాభిషేకం చేశారు. ఆ నేల అంతకుముందు ఇంకొకరి ప్రార్థనకు చోటిచ్చింది. దేవుడు కూడా అక్కడికి అతిథిలాగే వెళ్ళాడు. ఇంటివాడయ్యాడు.

ఇప్పుడు మనం చేయగలిగినవి చెప్పుకుందాం. మీలో చాలామంది మొదటి ఇల్లు కొనే వయసులో ఉన్నారు, లేదా అక్కాబావలు, అన్నావదినలు కొన్న ఇంటికి మొదటిసారి వెళ్ళబోతున్నారు.

ఇల్లు మీదైతే, వచ్చినవాళ్ళకు ముందు ఇల్లు చూపించకండి. ముందు కూర్చోబెట్టండి. నీళ్ళివ్వండి. తిన్నారా అని అడగండి. పాత రోజుల మాట ఒకటి మాట్లాడండి. గదులు ఎక్కడికీ పోవు. అమ్మానాన్నలయితే, నాకేం తెచ్చారు అని నోరు తెరిచి అడగండి. వాళ్ళు దాచుకున్న డబ్బా బయటికి వస్తుంది.

వెళ్ళేది మీరయితే, ఏదైనా చేత్తో చేసింది తీసుకెళ్ళండి. లెక్కలు తీసుకెళ్ళకండి. ఆ ఇంటి గోడల వెనక ఎంత భయం ఉందో మనకు తెలియదు. నాకు తెలియలేదు, అదీ సొంత అన్న గురించి.

మూడోది పాత మాటే. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ళ కుండ, ఈ ఐదు చోట్లా ఇంట్లో మనకు తెలియకుండానే చిన్న ప్రాణులకు హింస జరుగుతుందని, దానికి ప్రాయశ్చిత్తంగా గృహస్థు రోజూ ఐదు యజ్ఞాలు చేయాలని మన ధర్మశాస్త్రాలు చెప్తాయి. దేవతలకు, పితృదేవతలకు, ఋషులకు, భూతాలకు, మనుషులకు. ఆ చివరిది అతిథి పూజ. ఫ్లాట్ అయినా, విల్లా అయినా, పీజీలో మంచమైనా, రోజుకు ఒకరికైనా మీ దగ్గర ఒక ముద్ద, ఒక గ్లాసు నీళ్ళు, ఒక మంచి మాట దొరకాలి. అది జరిగితే అది ఇల్లు.

డోన్ ఇంటి కొత్త యజమానికి నేను తిరిగొచ్చాక ఫోన్ చేశాను. ఊరికే, బాగున్నారా అని. ఎండాకాలం బండల మీద పడుకుంటే చల్లగా ఉంటుందని చెప్పాను. "తెలుసు అన్నా, మా పిల్లలు ఆడనే పడుకుంటాండారు. ఈ తట్టు వస్తే ఇంటికి రాండి, భోంచేసి పోదురు" అన్నాడు. ఆ రోజు యాగంటిలో పెట్టలేకపోయిన నమస్కారం ఫోన్‌లోనే మనసులో పెట్టుకున్నాను.

మీ ఇంట్లో, మీరు అడుగుపెట్టే ప్రతి ఇంట్లో పాలు పొంగాలి. ఆ ఉమామహేశ్వరుల దయ అందరి మీదా ఉండాలి. వచ్చే వారం వీడియోలో కలుద్దాం.

శుభం.